మాట మార్చే నేల

శంభునిపేటల రేకుల షెడ్డు కింద
గుర్రం కాలు తన తొడల నడుమ ఇరికిచ్చుకొని
డెక్క గీకుతుండు యాకూబ్ పాష.
ఊడిపడే గోరుచెక్కలు
ఎండుకొబ్బరి తునకల తీరు.
"రాసుకో" అన్నడు.
పశువుల దవాఖానల రిజిస్టర్ రాసేటోణ్ని నేను.
"రంగు పొగరంగు. వయసు, పండ్లు జూస్తె పదకొండు.
ముంగటి ఎడమకాలు..."
ఆగిండు.
"దాన్ని ఒక్క గడిల రాయలేవు తియ్."

పట్నంల, మలక్‌పేట మైదానంల
దీనికి పలుకరాని ఇంగ్లీషు పేరొకటి ఉండె.
ఈడ, పెండ్లిళ్ల బ్యాండు కంపెనీల, బాద్షా.
పేరు మారింది.
నరం మారలే.

మోకాలి కిందికెల్లి బొటనవేలు జారిపిచ్చుకుంట
కండ్లు మూసుకుంటడు పాష,
చీకట్ల గోడ తడుముకునే మనిషి లెక్క.
"ఇగో ఈ గడ్డ పచ్చికది.
వాన వెలిసినంక గడ్డి తళతళ మెరుస్తది,
కింద గుంతలు దాస్తది.
ఈ వాపు ఇసుకది.
ఇసుక కొట్టది, గుంజుతది.
అడుగుకింత అప్పు రాసుకుంట పోయి
ఒక్కనాడు వడ్డితోటి వసూలు జేస్తది.
ఈ పగులు మాత్రం మనదే,
మన గల్లీ సీసీ రోడ్డుది.
ఎంత బతిమిలాడినా ఇంచు దిగదు."

మరి ఏ నేల మంచిది పాషా?

మూడు మేకులు పెదాల నడుమ ఉన్నయి.
రెండు కొట్టిందాక జవాబు లేదు.
"గట్టి నేల మీద గుర్రం కాలు సూసి ఏస్తది.
మెత్త నేల మీద ఒళ్లు ఇడిసి ఏస్తది.
దానికి తెలుసు.
మాట మార్చే నేలతోనే పరేశాన్.
తొమ్మిదడుగులు ఒక తీరుండి
పదో అడుగుకు ఇంకో తీరయితదా,
అగో, ఆడ ఇరుగుతది ఎముక."

మూడో మేకు కొట్టలే.
చేతిలకు తీసి చూసుకున్నడు.

"ఒక ఆదివారం, మూడో రేసు.
మలుపు కాడ ఎర్రగుర్రం ఒకటి పడ్డది.
నలుగురు ఉరికొచ్చి చుట్టూత
ఆకుపచ్చ తెర కట్టిన్రు.
తెర అవతల నాలుగో రేసుకు టికెట్లు కొంటున్నరు.
తెర ఇవతల డాక్టరు, సూది, నేను.
చెవి పట్టుకొని కూసున్న.
నా దిక్కు జూడలే అది,
డాక్టరు దిక్కు జూడలే.
నేల దిక్కు జూసింది,
నమ్మినోడు మోసం జేసిండని
ఇంకా నమ్మబుద్ధిగాక."

తర్వాత లారీ టైరు ముక్క కత్తిరిచ్చి
లాడం కింద రబ్బరు తాపిండు.
పైసలడిగితే బ్యాండు ఓనరు కుమారస్వామి
"గుర్రానికి చెప్పులా?" అని నవ్విండు.
పాష నవ్వలే.

రాత్రి హన్మకొండ చౌరస్తాల బరాత్.
డీజే మోతకు అద్దాలు వణుకుతున్నయి,
పటాకులు పేలుతున్నయి,
బాద్షా తలకాయ ఊపుకుంట నిమ్మళంగనే నడుస్తుంది.
అంతల, మూసిన సెల్లు దుకాణం
షట్టర్ ధడేల్మని పైకి లేచింది.

రేసు గేటు గట్లనే తెరుసుకుంటదట.

మెడ సాగింది. ఒళ్లంత కుంచించుకొని
విల్లయింది.
పెండ్లికొడుకు తలపాగా పట్టుకున్నడు.
ముగ్గురం కళ్లెం మీద వేలాడినం.
పాష దాని చెవిల నోరు పెట్టి
"లేదు బేటా, రేసు లేదు,
ఈడ గెలిచేదేం లేదు" అంటనే ఉన్నడు.
చెమటల తడిసిన చర్మం
చాలాసేపు వణికి, చల్లబడ్డది.

తిరుగుదారిల, ఎనుమాముల దాటినంక,
జిన్నింగు మిల్లు కాడ తారు ఆగిపోయింది.
అవతల నల్లరేగడి.
బండ్లల్లకెల్లి రాలిన పత్తి
అక్కడక్కడ తెల్లగ.
బాద్షా అంచు మీద నిలబడ్డది.
ముక్కు వంచి మన్ను వాసన జూసింది.
ఎడమకాలు లేపి,
గాలిల అట్లనే పట్టుకుంది.

పాష కళ్లెం గుంజలే.
"అడగనియ్ దాన్ని" అన్నడు మెల్లగ.

రిజిస్టర్ల ఆ గడి ఇంకా ఖాళీనే ఉన్నది.
ఆ కాలు ఎటు దిక్కు దిగిందో
చీకట్ల నాకు కానరాలే.
సప్పుడు మాత్రం కాలే.